సినిమా డైరీ కొన్నాను, ఏడాదికే దానికి పొట్ట వచ్చింది

పోయిన డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో 649 రూపాయలు పెట్టి ఒక సినిమా డైరీ కొన్నాను. అంటే చూసిన సినిమాల గురించి రాసుకోవడానికే అచ్చు వేసిన పుస్తకం. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి చాలా దొరుకుతున్నాయి, లోపల పేజీలు చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లానే ఉంటాయి, ఒక్కదాన్నే పట్టుకుని తిట్టడం న్యాయం కాదు. నల్ల రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు క్లాప్‌బోర్డు బొమ్మ, ఒక ఎలాస్టిక్ పట్టీ, ఒక రిబ్బన్, 100 సినిమాలకి సరిపడా 200 పేజీలు. ఏడాదిలో 61 సినిమాలు ఎక్కించాను. ఇప్పుడది టేబుల్ మీద పెడితే మూతపడదు, ఎలాస్టిక్ ఎప్పుడో తెగింది, పెళ్లి భోజనం చేసొచ్చిన పెద్దమనిషిలా పొట్ట ముందుకేసుకుని కూర్చుంటుంది. ఆ పొట్టకి కారణం కొంత పుస్తకం, చాలావరకు నేనే.

నా పని చీరల ఫోటోలు తీయడం. హైదరాబాద్‌లో రెండు మూడు బొటిక్‌లకి, విజయవాడలో ఒక షాపుకి కెటలాగ్ షూట్లు చేస్తాను. ఫ్యాషన్ ఫోటోగ్రఫీ అని చెప్పుకుంటే మా అమ్మే నవ్వుతుంది గానీ, ఒక మనిషి మీద ఒక బట్ట ఎలా పడుతుంది, దాని మీద వెలుగు ఎటు నుంచి రావాలి అన్నదే కదా ఆ పని, అది పారిస్‌లో చేసినా పంజాగుట్టలో చేసినా. సినిమాలు చిన్నప్పటి నుంచి పిచ్చి. ఎక్కడైనా మంచి ఫ్రేమ్ కనిపిస్తే "ఇది రేపు షూట్‌లో ట్రై చేయాలి" అనుకుంటాను, తెల్లారేసరికి మర్చిపోతాను. అందుకే ఎడమ పేజీలో చూసిన సినిమా, కుడి పేజీలో దాని వల్ల నేను తీసిన ఫోటో, లేదా నాకు గుర్తొచ్చిన ఎవరైనా పెద్ద ఫోటోగ్రాఫర్ పని, ఇలా జంటగా పెట్టుకుందామని ఈ డైరీ కొన్నాను. ఈ రివ్యూ ఆ వాడకం నుంచి రాస్తున్నది. సినిమా పేరు, తేదీ, నచ్చిందా లేదా అని రాసుకుంటే చాలు అనుకునేవాళ్లకి ఇది బాగానే ఉంటుంది, వాళ్లు ఇక్కడ ఆగిపోయి కొనేసుకోవచ్చు.

ముందు పేజీ సంగతి. ఒక్కో సినిమాకి రెండు పేజీలు. ఎడమ పేజీ పైన పేరు, దర్శకుడు, సంవత్సరం, భాష, ఎక్కడ చూశారు, ఎవరితో చూశారు. దాని కింద కథ అని ఒక పెద్ద డబ్బా, సగం పేజీ తినేస్తుంది. తర్వాత నటన, సంగీతం, డైలాగులు అని మూడు చిన్న డబ్బాలు. అడుగున ఐదు నక్షత్రాలు, రంగు నింపుకోవడానికి. కుడి పేజీలో "మీకు నచ్చిన సన్నివేశం", "మళ్లీ చూస్తారా? అవును / కాదు", మిగిలింది గీతలు. కెమెరాకి డబ్బా లేదు, బట్టలకి లేదు, రంగుకి లేదు. సినిమా డైరీలో కళ్లతో చూసినదానికి చోటే లేదంటే, పెళ్లి శుభలేఖలో ముహూర్తం వేయడం మర్చిపోయినట్టు.

ఆ కథ డబ్బా మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. కథ నేనెందుకు రాసుకోవాలి? అది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. నాకు కావలసింది, ఆ రాత్రి నా కంటికి ఏం తగిలింది అన్నది, అది ఇంకెక్కడా దొరకదు.

మొదటి ఎంట్రీ జనవరి 2. వాంగ్ కార్-వై తీసిన 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్', 2000 సంవత్సరం. నేను చూడటం అది నాలుగోసారో ఐదోసారో. 1960ల హాంకాంగ్, ఇరుకు మెట్లు, నూడుల్స్ తెచ్చుకోవడానికి క్యాన్ పట్టుకుని దిగే హీరోయిన్ మ్యాగీ చెంగ్. ఆమె వేసుకునే చోంగ్‌సామ్‌లు, అంటే చైనా గౌన్లు, ఇరవైకి పైనే, మెడ దగ్గర నిలువు కాలర్, ఒంటికి అతుక్కుని ఉండే కోత. బట్టలు చూసిన విలియం చాంగే ఆ సినిమాకి ఎడిటర్, కళాదర్శకుడు కూడా. ఈ ముక్క తెలిశాక నాకు సినిమా వేరేలా కనిపించింది. అదే మెట్లు, అదే నడక, అదే సంగీతం, డ్రెస్సు మారిందంటే రోజు మారిందన్నమాట. తెర మీద కేలండర్ తిప్పి చూపించక్కర్లేదు, బట్టే తారీఖు చెబుతుంది. ఇదంతా రాయడానికి చోటు లేక కథ డబ్బాలోంచి పొంగి, నటన డబ్బా మీదుగా, నక్షత్రాల మధ్యలోంచి పోయింది నా రాత.

కుడి పేజీలో పెట్టింది మంగళగిరి కాటన్ షూట్. ఐదు చీరలు, ఒకటే అమ్మాయి, ఒకటే చోటు: మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు వరండా, లిఫ్ట్ పక్కన. మామూలుగా కెటలాగ్‌లో చీర మారితే పోజు మారుస్తాం, బ్యాక్‌గ్రౌండ్ మారుస్తాం. ఈసారి ఏదీ మార్చలేదు, అమ్మాయి పాల ప్యాకెట్ పట్టుకుని అదే గోడ పక్కన అదే చోట, నిజాం బోర్డర్ చీర ఒక్కటే మారుతుంది. ఐదు ఫోటోలు పక్కపక్కన పెడితే సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచినట్టు ఉంది. బొటిక్ మేడమ్‌కి ఎందుకు నచ్చిందో చెప్పలేకపోయింది గానీ నచ్చింది. లిఫ్ట్‌లోంచి దిగిన రెండో అంతస్తు అంకుల్ మాత్రం, "ఏంటమ్మా, ఆ పాలు ఇంకా ఇంట్లోకి వెళ్లలేదా" అన్నాడు.

ఇక సినిమా ఫ్రేములు అతికించడం ఒక పెద్ద తతంగం. ఓటీటీలో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది. టీవీని ఫోన్‌తో ఫోటో తీస్తే గీతలు గీతలుగా అలలు వస్తాయి, మంగళగిరి సన్నగళ్ల చీరని తీసినప్పుడు కెమెరాలో వచ్చే అలల్లాంటివే, ఒక సన్నని గడి మీద ఇంకో సన్నని గడి పడితే వచ్చే తంటా. ఫోన్‌ని కాస్త వంకరగా, కాస్త దూరంగా పెట్టి తీస్తే తగ్గుతాయి. అలా తీసినవాటిని మా వీధి చివర ఫోటో ల్యాబ్‌లో పాస్‌పోర్ట్ సైజు షీట్‌లో వేయిస్తాను. ఒక షీట్‌లో 8 బొమ్మలు, పెద్ద ఖర్చు కాదు. మొదటిసారి మ్యాగీ చెంగ్‌ని చూసి ల్యాబ్ ఆయన, "ఈవిడకి పాస్‌పోర్టుకా అమ్మా, వీసాకా? వీసాకైతే చెవులు కనపడాలి" అన్నాడు, సీరియస్‌గానే. ఇప్పుడు అలవాటైపోయింది, సావిత్రిని పట్టుకెళ్తే "పాతవి బాగా పడుతున్నాయమ్మా ఈ పేపర్ మీద" అని సలహాలిస్తున్నాడు.

ఈ పుస్తకం కాగితం గురించి చెప్పాలి. మరీ పల్చన, చేతితో పట్టుకుంటే 80 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) మించి ఉండదనిపిస్తుంది. బాల్ పెన్నుకి పర్వాలేదు, జెల్ పెన్ను అయితే వెనక్కి కనిపిస్తుంది, ఫౌంటెన్ పెన్ను పెట్టారంటే వెనక పేజీ వదిలేసుకోవాలి. గమ్ము రాస్తే కాగితం అప్పడంలా లేస్తుంది. ఫిబ్రవరి దాకా గమ్ముతో అంటించాను, ఆ పేజీలు ఇప్పటికీ గరగరమంటాయి. తర్వాత రెండు వైపులా అంటుకునే టేపుకి మారాను, మూలల్లో చిన్న ముక్కలు పెడితే చాలు, కాగితం ముడత పడలేదు. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే మొదటి రోజు నుంచే టేపు వాడండి.

మార్చిలో ఒకే వారంలో రెండు 1957 సినిమాలు చూశాను, అనుకోకుండానే. ఒకటి మన 'మాయాబజార్', ఇంకోటి హాలీవుడ్ 'ఫన్నీ ఫేస్'. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన రెండు ఎంట్రీలు ఇవే. 'ఫన్నీ ఫేస్' ఒక ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ కథ, ఆ పాత్రకి మూలం రిచర్డ్ అవెడాన్ అనే నిజం ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్, సినిమాకి విజువల్ కన్సల్టెంట్‌గా పనిచేసిందీ ఆయనే. ఆడ్రీ హెప్‌బర్న్ ఎర్ర గౌనులో లూవ్ర్ మ్యూజియం మెట్ల మీద నుంచి చేతులెత్తి దిగుతూ వస్తుంది, వెనక తల లేని రెక్కల విగ్రహం, క్లిక్ అనగానే బొమ్మ ఆగిపోతుంది. కదులుతున్న సినిమా ఫోటోగా మారే ఆ క్షణం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మేం రోజూ చేసేది దానికి తిరగేసిన పని, నిలబడి ఉన్న అమ్మాయి నడుస్తున్నట్టు కనపడాలని కొంగు పట్టుకుని నా అసిస్టెంట్ విసురుతుంటాడు, మూడు విసుర్లలో ఒకటి మొహం మీద పడుతుంది.

'మాయాబజార్' సంగతికొస్తే, అందరూ కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల గురించే చెబుతారు, నేనూ అదే చెబుతాను, తప్పదు. ఆ పడవ పాటలో వెన్నెల నిజం వెన్నెల కాదని తెలిసి కూడా ప్రతిసారీ నమ్ముతాం. ఈసారి మాత్రం నేను నీళ్లని వదిలేసి నగల్ని చూశాను. నలుపు తెలుపులో బంగారానికి బంగారం రంగు ఉండదు కదా, అది బంగారమని మనకి చెప్పేది మెరుపు అంచు ఒక్కటే. ఆ మెరుపు చుట్టూ చీకటి ఉంటేనే అది మెరుపు, మొత్తం వెలిగిస్తే తెల్ల సున్నం. నేను పదేళ్లుగా జరీతో పడుతున్న గొడవంతా ఇందులో ఉంది. గద్వాల్ చీర తీసుకోండి, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు వెలుగుని తాగేస్తుంది, పట్టూ జరీ తిరిగి మన మీదకే కొడతాయి. నూలుకి సరిపడా లైటు వేస్తే అంచు కాలిపోతుంది, అంచుకి తగ్గిస్తే ఒళ్లు గోనెసంచిలా చప్పబడిపోతుంది.

ఆ వారం ఒక గద్వాల్ షూట్ ఉంది. కెమెరా స్క్రీన్‌ని నలుపు తెలుపుకి మార్చి పెట్టుకుని లైటు సర్దాను. రంగు కనపడకపోతే కన్ను మోసపోదు. పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ని, అంటే వెలుగుని మెత్తబరిచే గుడ్డ డబ్బా లైటుని, ముందు నుంచి తీసేసి పూర్తిగా పక్కకి జరిపాను, రెండో వైపు తెల్ల థర్మాకోల్ తీసేసి నల్ల గుడ్డ కట్టాను, మా వాడు "అక్కా, చీకటైపోతుంది" అని గొణిగాడు. చీకటి కాలేదు. జరీలో ఒక్కో పోగు విడివిడిగా లేచి కనిపించింది, ఆవపువ్వు రంగు ఒళ్లు మెత్తగా వెనక్కి తగ్గింది. ఆ ఫోటో పాస్‌పోర్ట్ సైజులో కాదు, 4x6లో వేయించి కుడి పేజీలో పెట్టాను, "మీకు నచ్చిన సన్నివేశం" అన్న అచ్చు అక్షరాల మీద. సంగీతం డబ్బా ఖాళీగా వదిలేశాను, ఘంటసాల గారికి క్షమాపణలు.

అన్ని ఎంట్రీలూ ఇలా విజయగాథలు కావు. జులైలో వాన పడుతున్న రోజు 'క్యారల్' చూశాను, 2015, టాడ్ హేన్స్ దర్శకుడు, ఎడ్ లాక్‌మన్ కెమెరా. 1950ల న్యూయార్క్ చలి, సూపర్ 16 అనే సన్న ఫిల్మ్ మీద తీశారు, ఆ గరుకుతనం తెర మీద కనిపిస్తుంది. సగం షాట్లు కారు అద్దాల వెనక నుంచో, మంచు పట్టిన కిటికీల వెనక నుంచో ఉంటాయి. అవి సాల్ లైటర్ ఫోటోల నుంచి వచ్చాయని లాక్‌మనే చెప్పుకున్నాడు. సాల్ లైటర్ అంటే 'హార్పర్స్ బజార్' లాంటి పత్రికలకి ఫ్యాషన్ ఫోటోలు తీస్తూనే, తన వీధుల్లో తనకోసం రంగుల్లో తీసుకున్నాయన. గొడుగులు, చెమ్మ పట్టిన గాజు, ఎక్కడో ఒక మూల ఎర్రటి ముక్క, మనిషి సగమే కనిపిస్తుంది. ఆయన ఫ్యాషన్ ఫోటోల్లో కూడా అంతే, ముందు ఏదో అడ్డం ఉంటుంది, దాని వెనక ఎక్కడో డ్రెస్సు.

నాకు ఆవేశం వచ్చింది. ఆ మర్నాడే ఒక బొటిక్‌కి ఉప్పాడ జాందానీ షూట్, బయట వాన. షాపు గాజు తలుపు మీద చినుకులు కారుతున్నాయి, అమ్మాయిని లోపల నిలబెట్టి నేను బయట గొడుగు కింద నుంచి తీశాను. వంగపండు రంగు చీర, చినుకుల వెనక కరిగిపోయినట్టు, పైన ట్యూబ్‌లైటు ఒక గీత. నా జీవితంలో తీసిన మంచి ఫోటోల్లో అదొకటి అని ఇప్పటికీ అంటాను. మేడమ్ చూసి చాలాసేపు మౌనంగా ఉండి, "బాగుందమ్మా. చీరేదీ?" అంది. ఆమె తప్పేముంది, జాందానీ అంటే బుటా బుటాకీ నేతగాడు చేత్తో దారం ఎక్కించి నేసేది, కొనేవాళ్లకి ఆ బుటానే కనపడకపోతే పదిహేను వేలు ఎవరు పెడతారు. లోపలికెళ్లి బుద్ధిగా మళ్లీ తీశాను. కుడి పేజీలో మాత్రం గాజు తలుపు ఫోటోనే ఉంది, దాని కింద మేడమ్ అడిగిన ప్రశ్న కూడా రాసుకున్నాను.

చూడండి, ఇలాంటివి రాసుకోవడానికే నాకు ఈ డైరీ కావలసొచ్చింది. దీనికి నక్షత్రాలెన్ని వేయాలి? 'క్యారల్'కి నాలుగున్నర వేద్దామంటే అచ్చు నక్షత్రాల్లో సగం నింపడం కుదరక పెన్సిల్‌తో చెరిపి చెరిపి అక్కడ కాగితం చిరిగింది. ఆ తర్వాత నక్షత్రాలు నింపడమే మానేశాను. ఇప్పుడు వెనక్కి తిరిగేస్తే నక్షత్రాలు ఉన్న పేజీలు చూసి నాకేం గుర్తు రావట్లేదు. జనవరిలో ఏదో థ్రిల్లర్‌కి నాలుగు నక్షత్రాలు, "మళ్లీ చూస్తారా? అవును" అని ఉంది, ఆ సినిమాలో ఒక్క ఫ్రేమ్ గుర్తు లేదు, ఆ పేజీకి ఎదురుగా ఏ ఫోటో లేదు.

అమ్మతో చూసిన సినిమాల ఎంట్రీలు వేరే కథ. అమ్మ చీరాల నుంచి వచ్చి నెల రోజులుంది, ఆగస్టులో. ఇద్దరం 'ముత్యాల ముగ్గు' చూశాం, 1975, బాపు గారిది. ఇషాన్ ఆర్యకి ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చిన సినిమా. నేను వెలుగు చూస్తున్నాను, పొద్దుటి ఎండ ఎలా పట్టాడు, మొహం మీద ఎంత వదిలాడు అని. అమ్మ ఏం చూస్తోందంటే కుచ్చిళ్లు. "ఆ అమ్మాయి కూర్చుని లేచినా చీర దాని పాటికది సర్దుకుంటోంది చూడవే. మీరు పిన్నులతో కుట్టేస్తారు, మీ అమ్మాయిలు చీరలో ఉంటారా, చీర పెట్టెలో ఉంటారా" అంది. అలవాటు ప్రకారం వాదించబోయాను. మాటలు రాలేదు. మా షూట్లలో ఒక్కో చీరకి పద్నాలుగు పదిహేను పిన్నులు పడతాయి, వెనక క్లిప్పులు వేరే, అమ్మాయి గట్టిగా ఊపిరి పీలిస్తే ఎక్కడో ఒకటి ఊడుతుంది.

తర్వాతి షూట్‌లో పైటకి ఒక్క పిన్ను తప్ప మిగిలినవన్నీ తీయించాను. వెంకటగిరి నూలు చీర. అమ్మాయి మొదట కంగారు పడింది, పది నిమిషాలకి చెయ్యి తనంతట తనే కొంగు దగ్గరికి వెళ్లడం మొదలైంది, సర్దుకోవడం, బొడ్డు దగ్గర దోపుకోవడం, భుజం మీద నుంచి జారితే పట్టుకోవడం. ఏ పోజూ చెప్పక్కర్లేకపోయింది. ఆ పేజీలో "ఎవరితో చూశారు" అన్న గీత మీద "అమ్మ" అని రాసి ఉంది. ఈ పుస్తకంలో నాకు పనికొచ్చిన అచ్చు ప్రశ్న ఏదైనా ఉందంటే అదొక్కటే. డిజైన్ చేసినవాళ్లకి ఆ ఒక్క మార్కు ఇస్తాను.

మిగతావి గబగబా చెబుతాను. 'మహానటి' రెండుసార్లు ఎక్కింది, "సావిత్రి లుక్ కావాలి" అని ఒక క్లయింట్ అడిగితే మళ్లీ చూశాను. దాని దుస్తులకి జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురిలో మన హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా ఒకరు, ఆ చీరల నేత తెర మీద చెయ్యి పెట్టి తడమాలనిపించేలా ఉంటుంది. న్యూయార్క్ వీధి ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ బిల్ కనింగ్‌హామ్ మీద వచ్చిన 2010 డాక్యుమెంటరీ ఒకటి, నీలం కోటు, సైకిలు, ఫిల్మ్ కెమెరా, ఎంత పెద్ద పార్టీకి వెళ్లినా మంచినీళ్లు కూడా ముట్టుకోని మనిషి. ఆ పేజీకి ఎదురుగా నేను పెట్టింది మా షూట్‌లో అందరం బిర్యానీ తింటున్న సెల్ఫీ. 'బ్లో-అప్', 1966, దర్శకుడు ఆంటోనియోనీ: లండన్ ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్, ఒక పార్కులో తీసిన ఫోటోని పెద్దది చేస్తూ చేస్తూ పోతే చివరికి చుక్కలు తప్ప ఏం మిగలవు. సినిమా గొప్పదే. కానీ అందులో హీరో మోడల్స్‌తో ప్రవర్తించే తీరు చూస్తే, ఈ ఫీల్డులో ఆడపిల్లగా అడుగుపెట్టిన కొత్తలో నాకు తగిలిన ఒకరిద్దరు గుర్తొచ్చారు. ఎదురు పేజీ ఖాళీగా వదిలేశాను.

ఇక పుస్తకం కట్టుబడి. 40 సినిమాలు దాటాక వెన్ను పగిలింది. ఫోటోలు అతికిస్తే లావెక్కడం సహజం, అందుకే మన పాత పెళ్లి ఆల్బమ్‌లలో పేజీకీ పేజీకీ మధ్య వెన్ను దగ్గర అట్టముక్క పెట్టి కుట్టేవారు. ఇది కుట్టింది కాదు, గమ్ముతో అంటించింది. సెప్టెంబర్‌లో 23వ సినిమా నుంచి 31 దాకా ఒక కట్టలా ఊడి చేతికొచ్చింది. కంపెనీకి మెయిల్ పెడితే ఫోటోలు అతికించడానికి ఈ ఉత్పత్తి ఉద్దేశించలేదని చెప్పి, తర్వాతి కొనుగోలు మీద పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. వాళ్ల మాట నిజమే, అతికించమని వాళ్లు చెప్పలేదు. కాకపోతే ప్రకటనలో టేబుల్ మీద పుస్తకం పక్కన పోలరాయిడ్ ఫోటోలు, రంగు టేపులు పేర్చి చూపించారు. అవేంటి మరి, అలంకారానికా?

"యాప్ ఉండగా ఈ బాధ ఎందుకు" అని మా అసిస్టెంట్ అడుగుతుంటాడు. యాప్ కూడా వాడతాను, లెటర్‌బాక్స్‌డ్. 2011లో న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఇద్దరు కలిసి మొదలుపెట్టింది, ఇప్పుడు సినిమా పిచ్చోళ్లందరి ఫోన్లలో ఉంటుంది. డైరీగా దానికి వంక పెట్టలేను. తేదీ వేస్తే చాలు నెలవారీగా పేర్చి పెడుతుంది, మళ్లీ చూసిందయితే గుర్తు వేస్తుంది, పోస్టర్లు వరసగా కనిపిస్తాయి, అర నక్షత్రం కూడా ఉంది, నా చిరిగిన కాగితం సాక్షిగా అదొక వరం. పాత తెలుగు సినిమాలు కూడా చాలా ఉన్నాయి. లెక్కలకి, వెతకడానికి అదే. మొన్న "వాన షాట్లు ఉన్న సినిమాలు" అని నేనే ఒక జాబితా చేసుకున్నాను, షూట్ ముందు రాత్రి తెరిచి చూసుకుంటాను. అయితే నా గద్వాల్ ఫోటోని 'మాయాబజార్' పక్కన పెట్టుకునే చోటు అక్కడ లేదు, అది దాని పని కూడా కాదు. ఇంకోటి, అక్కడ నలుగురూ చూస్తారని తెలిసి రాస్తాం, చమత్కారంగా ఒక్క ముక్క రాసి లైకులు వస్తాయా అని చూస్తాం. "చీరేదీ" అని మేడమ్ అడిగిన రాత్రి నేను అక్కడ 'క్యారల్' గురించి ఏదో గొప్ప వాక్యం రాశాను. నిజం మాత్రం ఈ పుస్తకంలో ఉంది.

కాబట్టి కొనాలా వద్దా అంటే: టికెట్టు ముక్క ఒకటి దాచుకుని, నాలుగు వాక్యాలు రాసుకునేవాళ్లకి, కాలేజీ పిల్లలకి బహుమతిగా ఇవ్వడానికి, సరే. 649 ఎక్కువే, సేల్‌లో 400 లోపు వస్తే తీసుకోండి. సినిమాని కళ్లతో చూసేవాళ్లు, పక్కన బొమ్మలు పెట్టుకోవాలనుకునేవాళ్లు, కెమెరా, బట్టలు, మేకప్, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పని చేసేవాళ్లు అసలు దీని జోలికి వెళ్లకండి. పిల్లల స్క్రాప్‌బుక్ కొనుక్కోండి, లావు కాగితం, గీతలుండవు, ఎవరూ మిమ్మల్ని నటన గురించి అడగరు.

నేను ఇంకో పని చేశాను. కోఠిలో లెడ్జర్లు కుట్టే ఒక బైండింగ్ షాపులో, పొడుగు పుస్తకం సైజులో, మందపాటి తెల్ల కాగితం 150 షీట్లు, ప్రతి నాలుగు షీట్లకి వెన్ను దగ్గర అట్టముక్క వేసి దారంతో కుట్టమన్నాను. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "పెళ్లి ఆల్బమా తల్లీ?" అని అడిగాడు. సినిమాలు రాసుకోవడానికి అంటే కాస్త ఆలోచించి, "అయితే క్యాలికో వేస్తా, గట్టిగుంటది" అన్నాడు, అంటే అట్టకి వేసే బైండింగ్ గుడ్డ. 480 రూపాయలు, నాలుగు రోజులు. పాత పుస్తకంలో ఊడిన కట్టని కూడా చూపించాను, దాన్ని కుట్టడం కుదరదట, కాగితానికి మడత లేదు, విడి పేజీలు గమ్ములో ముంచారు అన్నాడు. మిగిలిన 39 సినిమాల పేజీలు అలాగే ఉన్నాయి, మా అసిస్టెంట్ వాటిలో పిన్నుల లెక్క రాసుకుంటున్నాడు.